కుళాయిల గొంతు

నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూంలో జవాబు పత్రాలు దిద్దుతుంటే నా సెల్‌ఫోను ఒకసారి మూలిగింది. ఎవరో బట్టల షాపు వారు. ఆషాఢం తగ్గింపట, నాకోసం ప్రత్యేకంగానట, ఈ రోజే ఆఖరట. నాకోసం ప్రత్యేకంగా ఎవరైనా ఏదైనా చేసి చాలా కాలమైంది కాబట్టి రెండుసార్లు చదువుకున్నాను. అంతలో పక్క బల్ల మీద లెక్కల మేడం ఫోను కూడా మూలిగింది. ఆవిడ సగం చూసి నొక్కేసి, "రేపు కూడా వస్తుంది లెండి" అంది నవ్వుతూ.

ఆ తర్వాత ఒక్క పత్రం కూడా దిద్దలేకపోయాను. ఇంచుమించు ఆ మాటే, అదే నవ్వుతో, చాలా ఏళ్ళ కిందట ఏటిగట్టు మీద నిలబడి విన్నాను. అప్పుడు అది ఎవరితో అన్నారో ఆ మనిషి ఇప్పుడు లేడు.

ఆయన పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. పెద్దా చిన్నా అందరూ మైకు బాబాయ్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. పేరు ఇక్కడ రాస్తే నాకే ఎవరో కొత్తమనిషిలా కనిపిస్తాడు, అందుకని రాయను.

మా ఊరు గోదావరి గట్టు కింద ఉంటుంది. తొంభైలలో ఊళ్ళోకి టీవీలు వచ్చాయి గానీ మా ఊరి షాపు పేరు చెప్పే టీవీ ఇంకా రాలేదు. ఆ పని బాబాయ్ చేసేవాడు. ఒక రిక్షా, సీటు కింద లారీ బ్యాటరీ, పైన ముందుకొకటి వెనక్కొకటి రెండు బూరలు. రిక్షా తొక్కేవాళ్ళు మారిపోతుండేవారు. వెనకాల మైకు పట్టుకుని కూర్చునే మనిషి మాత్రం మారలేదు. జేబులో వాము, పటికబెల్లం కలిపి పెట్టుకున్న చిన్న రేకు డబ్బా ఉండేది. వీధి మొదట్లో రిక్షా ఆపించి, రెండు పలుకులు నోట్లో వేసుకుని, మైకుని జేబురుమాలుతో తుడిచి, రెండుసార్లు ఊది, ఎడమ అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకునేవాడు. మొదటి మాట ఎదుటి గోడకి కొట్టుకుని తిరిగొచ్చేదాకా రెండో మాట చెప్పేవాడు కాదు.

"గోడకి వినబడితే మనిషికి వినబడినట్టేనండి మాస్టారూ" అనేవాడు.

అప్పటికే ఏడేళ్ళుగా గోడలకి తెలుగు చెబుతున్న పంతుల్ని. నాకు ఆ సూత్రం మీద అంత నమ్మకం లేదు.

మా ఇద్దరికీ పరిచయం బజారులో బట్టల షాపు వల్ల. ఆ షాపు షావుకారుగారు నా చేత కరపత్రాలు రాయించేవారు. నా సాహిత్య జీవితంలో అన్నిటికంటే ఎక్కువ ప్రతులు అచ్చయిన రచనలు అవే. చదివినవాళ్ళు ఎందరో తెలియదు గానీ బజ్జీలు చుట్టుకుని తిన్నవాళ్ళు చాలామంది. నా వాక్యాలు పాఠకుల చేతికి అంటుకునేవంటే నూనె వల్లే. నేను రాసిన కాగితం అచ్చుకి ఒకటీ, బాబాయ్ చేతికి ఒకటీ వెళ్ళేది.

మొదటిసారి ఇచ్చిన కాగితంలో 'చింతలన్నీ తీర్చే చీరలు' అని ఉంది. ఆయన కాగితం ఒకసారి కళ్ళకి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి చదివాడు.

"ఇది నిజమేనాండి మాస్టారూ?"

"ఏది?"

"చీర చింత తీరుస్తదని రాశారు కదండి."

"అది అలంకారం, బాబాయ్."

"అలంకారం అంటే అబద్ధమాండి?"

"అబద్ధం కాదు. అతిశయోక్తి."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇది పాడేస్తానండి" అన్నాడు.

పాడేస్తానంటే ఏంటో ఆ సాయంత్రం తెలిసింది. చీరల మాటలన్నీ హరికథ చెప్పినట్టు సాగదీసి, చివర ఒక విరుపు విరిచి, వీధి మొత్తాన్ని నవ్విస్తూ చెప్పాడు. విన్నవాళ్ళు నవ్వారు, కొందరు షాపుకి వెళ్ళారు కూడా. చీరతో చింత తీరుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు, అనుకునే వీలు ఆయన ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్న అదే రిక్షా, అదే మైకు. "ఈ రోజు మధ్యాహ్నం కుళాయిలు రావు. పెద్ద పైపు పగిలింది. పన్నెండు లోపు నీళ్ళు పట్టుకోండి." ఒక్కొక్క మాటా విడివిడిగా, ఎత్తూ పల్లం లేకుండా, పీట వేసినట్టు చెప్పాడు. ఆ గొంతు వినగానే మా ఆవిడ బిందె తీసుకుని లేచింది. పొద్దున్న నుంచి నేను బతిమాలినా లేవని మనిషి.

అలా ఆయనకి రెండు గొంతులు. ఊళ్ళో వాళ్ళు వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. చీరలకీ, సినిమాలకీ, సబ్బులకీ పాట గొంతు. పోలియో చుక్కలకీ, తప్పిపోయిన పిల్లలకీ, వరదకీ కుళాయిల గొంతు. ఆదివారం లూథరన్ గుడిలో వాక్యం చదివేది కూడా ఆ రెండో గొంతుతోనే. నేను ఒకసారి క్రిస్మస్‌కి వెళ్ళి విన్నాను. వెనక వరసలో ఉన్న నాకు కూడా, ఈయన తనకి తెలిసిన విషయమే చెబుతున్నాడు అనిపించింది.

ఇంకో నియమం కూడా ఉండేది. బడి ముందు, ఆసుపత్రి ముందు మైకు కట్టేసేవాడు, చప్పుడు చేసేవాడు కాదు. చావు ఇల్లు వస్తే నాలుగు ఇళ్ళ ముందే కట్టేసి, రిక్షా దిగి, పక్కన నడిచి ఆ ఇల్లు దాటేవాడు. మూల తిరిగాకే మళ్ళీ ఎక్కేవాడు. "ఏడుస్తున్న మనిషికి తగ్గింపు ధర ఏం చెబుతామండి?" అన్నాడు నేను అడిగితే. ఆయన్ని చూసి ఊళ్ళో తక్కిన మైకు వాళ్ళందరూ కూడా ఆ పద్ధతే నేర్చుకున్నారు.

ఆషాఢం సంగతి చెప్పాలి. ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు, బట్టల షాపుల్లో ఈగలు ఉంటాయి. అందుకని రాజమండ్రి షాపుల వాళ్ళు ఆషాఢం తగ్గింపు అని మొదలుపెట్టారు. అది చూసి మా షావుకారుగారూ మొదలుపెట్టారు. 'ఆషాఢం – ఆశల మాసం' అని నేను రాశాను. అప్పట్లో అది గొప్పగా అనిపించింది, నా వయసు అలాంటిది. నెలాఖరుకి వచ్చేసరికి షావుకారుగారు నన్ను పిలిచి, "చివర్లో ఒక ఊపు రావాలి మాస్టారూ. ఈ రోజే ఆఖరు అని రాయండి" అన్నారు.

రాసి బాబాయ్‌కి ఇచ్చాను. ఆయన ఎప్పటిలాగే కాగితం దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఇది నిజమేనాండి?"

"నిజమే బాబాయ్. షావుకారుగారు చెప్పారు" అన్నాను.

షావుకారుగారు ఏం చెప్పారో అంతే చెప్పాను. బాబాయ్ కళ్ళలోకి మాత్రం చూడలేదు, ఎందుకంటే గోడౌనులో ఇంకా విప్పని బట్టల బేళ్ళు నేను చూశాను. తేదీ అంటే అలంకారం కాదు కదా, నిజమైన సంగతి కదా అని ఆయన దాన్ని కుళాయిల గొంతుతో చెప్పాడు. "బట్టల షాపులో తగ్గింపు. ఈ రోజే. ఆఖరు." ఊరంతా బిందె పట్టుకుని లేచినట్టు లేచింది.

ఏటిగట్టుకి అవతల, నది వైపున, లంక భూముల్లో కూరగాయలు పండించుకునే వాళ్ళ పేట ఒకటి ఉంది. అక్కడ నూకాలమ్మ అని ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి, మనిషి దిట్టం, నోరు ఇంకా దిట్టం. వంకాయల గంప ఎత్తుకుని బజారుకి వచ్చినప్పుడల్లా బాబాయ్‌ని తమ్ముడూ అని పిలిచేది. ఆయన అక్కా అనేవాడు, ఆవిడకంటే ఆయనే పెద్దయినా సరే. ఆ రోజు ఆవిడ ఊడ్పుల్లో ఉంది. గట్టు మీంచి మాట వినబడగానే సగం పూట కూలి వదిలేసి, కాలవలో కాళ్ళు కడుక్కుని షాపుకి పరిగెత్తింది. ఆవిడకి పచ్చచీర కావాలి. ఆ తొక్కిసలాటలో చేతికి వచ్చింది ఉల్లిపొర రంగు చీర. ఆఖరు కదా అని అదే కొనుక్కుంది.

మర్నాడు షావుకారుగారు నాకు కొత్త కాగితం రాయమన్నారు: ప్రజల కోరిక మేరకు మరో మూడు రోజులు పొడిగింపు.

బాబాయ్ దాన్ని చదివి, "ఎవరు కోరారండి?" అన్నాడు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట పాట గొంతుతోనే చెప్పాడు. మార్కెట్ సెంటర్లో నూకాలమ్మ రిక్షాకి అడ్డంగా నిలబడింది. నేను పక్కనే కిళ్ళీ కొట్టు దగ్గర ఉన్నాను.

"ఏం తమ్ముడూ, నిన్న ఆకరన్నావు. నేను సగం పూట కూలి పోగొట్టుకుని ఉల్లిపొర కొనుక్కున్నాను. ఇయ్యాల షాపు నిండా పచ్చచీరలేనంట!"

ఆయన మైకు కట్టేసి కిందికి దిగాడు. ఆవిడే జాలిపడినట్టుంది.

"పోన్లే. నీ చేతిలో ఏవుంది? వచ్చే ఏడు నీ ఆకరుకి మూడ్రోజులు కలుపుకుంటాలే."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను నవ్వాను.

మరుసటి ఏడు 'ఈ రోజే ఆఖరు' అన్న మాటని పాడతానన్నాడు బాబాయ్. షావుకారుగారు ఒప్పుకోలేదు. "పాడితే ఎవరూ రారు మాస్టారూ, ఆ కుళాయిల గొంతుతోనే చెప్పమనండి. నేను కూలిచ్చేది దానికే" అన్నారు. తను దేన్ని కొంటున్నారో ఆయనకి బాగా తెలుసు. నేను వెళ్ళి బాబాయ్‌కి నచ్చజెప్పాను. అందరూ అనేదే కదా, వ్యాపారంలో మామూలే కదా అన్నాను. ఆషాఢం నెల పని పోతే ఆయనకి ఏడాదిలో సగం ఇల్లు గడవదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. చెప్పాడు. ఆ ఏడు ఆయనకి జ్వరం వస్తే పని ఆగకూడదని రాజమండ్రి తీసుకెళ్ళి ఒక షాపులో ఆ మాటలు కేసెట్టులోకి ఎక్కించాం కూడా. తేదీ పెట్టకుండా 'ఈ రోజే ఆఖరు' అని ఊరుకుంటే ఏ రోజుకైనా, ఏ ఏడుకైనా పనికొస్తుందని సలహా ఇచ్చిన మేధావిని నేనే. షావుకారుగారు నా భుజం తట్టారు.

ఊళ్ళో ఆడవాళ్ళు కూడా నేర్చుకున్నారు. ఆఖరంటే ఇంకా మూడు రోజులని ఇంటింటా తెలిసిపోయింది. మైకు వెళ్ళగానే షాపుకి వెళ్ళడం మానేశారు. పొడిగింపు వచ్చాక, కొత్త సరుకు దిగాక, తీరిగ్గా వెళ్ళేవారు. మా ఆవిడ కూడా అంతే. "మీరు రాసిందేగా, నాకు తెలీదా" అనేది.

మూడో ఏడు ఆషాఢం వెళ్ళీ వెళ్ళకముందే ఏరు పొంగింది. పైన ఎక్కడో వానలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని పొద్దున్న చెప్పారు, మధ్యాహ్నానికి మూడో హెచ్చరిక వచ్చింది. బడికి సెలవిచ్చి, దాన్ని గట్టు అవతలి వాళ్ళ కోసం సిద్ధం చేయమన్నారు. రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తాగారు హడావిడిగా, "మాస్టారూ, మైకు ఆయన వచ్చాడు. రెండు ముక్కలు రాసివ్వండి, పేటంతా సాయంత్రం లోపు గట్టెక్కాలి" అన్నారు.

నించునే రాశాను. చేతికి అలవాటైన మాట ఏదుందో అదే కాగితం మీదకి వచ్చింది. 'వరద నీరు వస్తున్నది. పేటవాసులు ఇళ్ళు ఖాళీ చేయుటకు ఈ రోజే ఆఖరు.'

బాబాయ్ కాగితాన్ని ఈసారి ఒక్కసారే చూశాడు.

"ఇది నిజమేనాండి?"

"నిజమే బాబాయ్, త్వరగా పద" అన్నాను.

నేనూ ఆయన రిక్షా వెనకాలే సైకిలు మీద వెళ్ళాను. గట్టు మీద రిక్షా ఆపి, ఆయన వాము నోట్లో వేసుకోకుండానే, చెవి వెనక చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టాడు. కుళాయిల గొంతు. ఒక్కొక్క మాటా విడివిడిగా. ఎదురుగా గోడ లేదు, ఏరుంది. మాట తిరిగి రాలేదు.

కింద పేటలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. తర్వాత నూకాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని గట్టిగా అడిగింది.

"ఏం తమ్ముడూ! ఇయ్యాలే ఆకరా? రేపు మూడ్రోజులు పొడిగించరా?"

పేట మొత్తం నవ్వింది. చెడ్డనవ్వు కాదు. మేమేం తెలివితక్కువ వాళ్ళం కాదులే అనే నవ్వు. ఆ తెలివి వాళ్ళకి నేర్పింది నేను.

బాబాయ్ మైకు కట్టేశాడు. రిక్షా దిగి, చెప్పులు అక్కడే వదిలేసి, గట్టు దిగి పేటలోకి వెళ్ళాడు. గడప గడపకీ వెళ్ళి మనిషి చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "అక్కా, ఇది షాపు మాట కాదక్కా. అమ్మా, లెగమ్మా. బాబూ, ముసలాయన్ని ముందు ఎత్తండి." మైకు లేకుండా ఆయన గొంతు నేను వినడం అదే మొదటిసారేమో. ఇంత చిన్న గొంతా అనిపించింది. పక్క గుమ్మం దాకా కూడా చేరేది కాదు. అందుకే ప్రతి గుమ్మానికీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. నేనూ రెండో వైపు ఇళ్ళకి వెళ్ళాను గానీ, నా మాట బడిలో పిల్లలే వినరు. ఎక్కువమంది ఆయన చెయ్యి పట్టుకున్నందుకే కదిలారు.

చీకటి పడేలోపు పేటలో మనుషులందరూ బడిలోకి వచ్చారు. నూకాలమ్మ కూడా ట్రంకు పెట్టె, బియ్యం మూట తెచ్చుకుంది. గేదెని మాత్రం తేలేదు. చూడి గేదె, నెలలు నిండాయి.

"గట్టెక్కలేదు తమ్ముడూ అది. బళ్ళో ఎక్కడ కట్టమంటావు? పొద్దున్నే వెళ్ళి మెల్లగా తోలుకొస్తాలే."

"పొద్దున్న దాకా ఉండదక్కా."

"ఉంటాదిలే" అంది ఆవిడ. మూడు రోజులు అనలేదు గానీ, ఆ మాట మనసులో ఉందని నాకు తెలిసింది. ఆయనకీ తెలిసింది. ఆయన వెనక్కి తిరిగి గట్టు వైపు వెళ్ళబోతే పోలీసులు ఆపేశారు. అప్పటికే నీళ్ళు పేట మొదట్లోకి వచ్చాయి.

తెల్లారి గట్టు మీద నిలబడితే ఇళ్ళ కప్పులు మాత్రమే కనిపించాయి. నూకాలమ్మ పాక ఎక్కడో ఆవిడ చూపిస్తే తెలిసింది. దాని పక్కన గేదెని కట్టే గుంజ ఉండాలి. తాడు విప్పి వదిలినా అది ఈదుకుని వచ్చేదేమో. ఆవిడ కట్టేసే వచ్చింది, దూరం పోకూడదని. ఉల్లిపొర రంగు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బాబాయ్ ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు సెప్పావు తమ్ముడూ" అంది. "నేనే నవ్వాను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. అక్కడ తిట్లు తినవలసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి ఉన్నాను, పది అడుగుల దూరంలో, సైకిలు పట్టుకుని. నన్ను ఎవరూ చూడలేదు. రాసేవాడికి ఉన్న సుఖం అదే, మాట ఎవరి నోటి నుంచి వస్తే వాడిదే అవుతుంది.

తర్వాత ఏడు ఆషాఢానికి బాబాయ్ నా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "ఆ మాట తీసేసి రాయండి మాస్టారూ. తక్కినవన్నీ పాడతాను" అన్నాడు. నేను షావుకారుగారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు, వరదప్పుడు బడికి దుప్పట్లు పంపిన మనిషి. "అందరూ అంటున్నారు మాస్టారూ. మనం ఒక్కళ్ళం అనకపోతే షాపుకే ఆఖరవుతుంది" అన్నారు. బాబాయ్‌ని బలవంతపెట్టలేదు కూడా. బీరువా తీసి కేసెట్టు బయటికి తీశారు. ఒక ఆటో మాట్లాడారు. గొంతు షాపులో మిగిలింది, మనిషి అక్కర్లేకపోయాడు.

ఆ తర్వాత ఆయన పని చేసిన తీరు చూడలేకపోయేవాణ్ణి. కుళాయిలు రావని మైకులో చెప్పేవాడు. చెప్పి, దిగి, ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి మళ్ళీ నోటితో చెప్పేవాడు. పోలియో చుక్కల రోజున రెండు వీధులు తిరిగేసరికి పొద్దు గుంకేది. "ఎందుకు బాబాయ్, మైకులో విన్నారుగా" అంటే, "విన్నారండి, నమ్మాలి కదండి" అనేవాడు. ఒక్క పనికి రెండు పనులు, కూలి మాత్రం ఒకటే.

ఒకసారి మార్కెట్ సెంటర్లో ఆ ఆటో, ఆయన రిక్షా ఎదురుపడ్డాయి. ఆటోలో ఆయన పాత గొంతు, జ్వరంతో కొంచెం బొంగురుగా, ఈ రోజే ఆఖరు అంటోంది. పూలమ్మే ఆవిడ నవ్వి, "ఇదేంటండీ బాబాయ్‌గారూ, మీరిక్కడుంటే మీ గొంతు అక్కడుందేంటి?" అంది. ఆయన రిక్షా పక్కకి తీయించి, మైకు కట్టేసి, ఆటో కనుమరుగయ్యేదాకా చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో పరాయి మనిషి చెప్పేది సరిగ్గా వినబడనట్టు.

ఆ సాయంత్రమే నన్ను అడిగాడు. "ఆ కేసెట్టు ఇప్పించండి మాస్టారూ. మీరడిగితే ఇస్తారండి. నేను చెప్పని మాట నా గొంతుతో ఊళ్ళో తిరుగుతోంది."

"అడుగుతాను బాబాయ్" అన్నాను.

నిజంగా అడగాలనే అనుకున్నాను. అయితే షావుకారుగారు నా పద్యాల పుస్తకం అచ్చుకి సాయం చేస్తానన్నారు. అది తేలాక అడుగుదామనుకున్నాను. పుస్తకం వచ్చే ఏటికి, ఆపై ఏటికి వాయిదా పడుతూ వచ్చింది. దాంతోపాటు నా అడగడమూ. ప్రతి ఆషాఢంలో ఎక్కడో ఒకచోట బాబాయ్ ఎదురయ్యేవాడు. నోటితో అడిగేవాడు కాదు, ఊరికే చూసేవాడు. "అడుగుతాను" అనేవాణ్ణి. ఆయన ఒక్కసారి కూడా 'ఇది నిజమేనాండి' అనలేదు. షావుకారుగారు మూడేసి రోజులే పొడిగించారు. నేను ఆరేళ్ళు పొడిగించాను.

ఆయన పోయింది కూడా ఆషాఢంలోనే. భోజనం చేసి నడుం వాల్చాడట, లేవలేదట. స్టాఫ్ రూంకి కబురొస్తే వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. గుడి వాళ్ళు వచ్చి నెమ్మదిగా పాడుతున్నారు. అరుగు మీద ఆయన భార్య, ఆవిడ పక్కన నూకాలమ్మ. నూకాలమ్మ వెంట్రుకలు సగం నెరిశాయి. నన్ను చూసి కొంచెం జరిగి, కూర్చోమన్నట్టు కుర్చీ చూపించింది. ఊళ్ళో ప్రతి కబురూ చెప్పిన మనిషి కబురు చెప్పడానికి మైకు లేదు, నోటిమాటగానే అందరికీ తెలిసింది.

పాట ఆగిన కాసేపటికి వీధి మొదట్లో ఆటో వినబడింది. ఆ బొంగురు గొంతు. "బట్టల షాపులో తగ్గింపు. ఈ రోజే..."

ఆయన భార్య తలెత్తింది. నూకాలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "తమ్ముడే" అంది.

అంతలో గొంతు ఆగిపోయింది. ఆటో డ్రైవరు షామియానా చూసినట్టున్నాడు. కొత్త మనిషి, ఎవరు పోయారో తెలియదు. నాలుగు ఇళ్ళ ముందే కట్టేసి, ఇంజను కూడా ఆపేసి, దిగి, ఆటోని తోసుకుంటూ మా ముందు నుంచి నెమ్మదిగా వెళ్ళాడు. లోపల పడుకున్న మనిషి నేర్పిన పద్ధతి అది. ఆ మనిషి వల్లే ఆ మనిషి గొంతు ఆగింది. ఆటో మూల తిరిగేదాకా వీధిలో చప్పుడు లేదు.

నేను లేచి వెనకాలే వెళ్ళాను. మూల తిరిగాక అతను ఎక్కి కూర్చుని మీట మీద చెయ్యి వేస్తున్నాడు.

"ఆ కేసెట్టు నాకివ్వు."

"షాపుదండి ఇది. షావుకారుగారు ఊరుకోరు."

"ఇందులో గొంతు ఎవరిదో తెలుసా? ఇప్పుడు నువ్వు దాటొచ్చిన ఇల్లు ఆయనదే."

అతను మీట మీంచి చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి మూల వైపు చూశాడు. కేసెట్టు బయటికి తీసి, చొక్కాకి తుడిచి, రెండు చేతులతో నాకిచ్చాడు.

"షావుకారుగారికి ఏం చెప్పమంటారండి?"

"నేనే వచ్చి చెబుతాను. ఈ లోపల అడిగితే, ఆ మాటకి ఈ రోజే ఆఖరు అని చెప్పు" అన్నాను.

కుళాయిల గొంతుతో అనాలనే అనుకున్నాను. చావు ఇంటి నుంచి వచ్చానని తెలిసి కూడా, ఆ మాట వినేసరికి అతనికి నవ్వొచ్చింది. వెంటనే తల వంచుకున్నాడు.